నేను చదవని వాక్యం

నా చిన్నప్పుడు మా వాడలో ఎవరింటికి కాగితం వచ్చినా ముందు నన్ను పిలిచేవారు. మిలిటరీలో ఉన్న కొడుకు రాసిన ఉత్తరమైనా, తాసీల్దారు ఆఫీసు నోటీసైనా, పెళ్ళి పత్రికైనా సరే, అరుగు మీద కూర్చోబెట్టి, చేతిలో గుప్పెడు పల్లీలో చిన్న బెల్లం ముక్కో పెట్టి చదివించుకునేవారు. నాకప్పుడు పదేళ్ళు. ఐదో తరగతిలో ఉన్నాను. మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ నడుమ ఇంకా రాళ్ళ గుట్టలూ ద్రాక్ష తోటలూ ఉండే రోజులవి. మా వాడ మొత్తం మీద గడగడా చదవగలిగేది నేనొక్కదాన్నే. నిదానంగానైనా చదవగలిగిన ఇంకో మనిషి మా మేనత్త. నాకు అక్షరాలు నేర్పింది ఆమే.

మా మేనత్త గురించి ఎవరైనా చెప్పాలంటే యూనియన్ గురించి చెబుతారు, ఎన్నికల గురించి చెబుతారు. ఈ వైపు ఊళ్ళలో ఆడమనిషి జెండా పట్టుకుని ముందు నడవడం ఆమెతోనే మొదలైందని పెద్దవాళ్ళు ఇప్పటికీ అంటారు. అవన్నీ నిజమే. కానీ నాకు ఆమె అనగానే గుర్తొచ్చేది ఒక్క వారం. అది నేను తప్పు చేసిన వారం. అందుకే ఇన్నేళ్ళుగా దీన్ని ఎవరికీ చెప్పలేదు.

ఆమె మా నాయినకు అక్క. కీసర దగ్గర రాళ్ళ క్వారీలో పనిచేసే మనిషికిచ్చి పెళ్ళి చేశారు. మూడేళ్ళకే క్వారీలో మందు పేలి ఆయన చనిపోయాడు. పిల్లలు లేరు. ఒక రేకు పెట్టె పట్టుకుని తమ్ముడి ఇంటికి వచ్చేసింది. అప్పటికి ఆమెకు అక్షరం ముక్క రాదు. వచ్చిన ఏడాదే నేర్చుకోవడం మొదలుపెట్టిందట. మేడ్చల్ బస్‌స్టాండ్‌లో నిలబడి, ఏ బస్సు ఎక్కడికి పోతుందో కండక్టర్‌ని అడిగి, బోర్డు మీది అక్షరాలు మట్టిలో పుల్లతో గీసుకునేదని మా అమ్మ చెప్పేది. మిగతాది మా బడి పంతులమ్మ ఇంట్లో జొన్నలు విసిరి పెడుతూ నేర్చుకుంది. ఎంత నేర్చుకున్నా ఆమె చదువు కూడబలుక్కునే చదువే. పెదవులు కదిలేవి. నాకు మాత్రం అలా కాకూడదని బడికి పోకముందే పలక పట్టించి, తప్పు పోతే మళ్ళీ మొదటి నుంచి చదివించేది.

మా ఊరి ముందర, పెద్ద రోడ్డు మీద, మందుల కంపెనీలకు సీసాలు కడిగి పంపే కార్ఖానా ఒకటి ఉండేది. పాత సీసాలు లారీల్లో దిగేవి. ఆడవాళ్ళు వాటిని కాస్టిక్ సోడా కలిపిన వేడినీళ్ళలో నానబెట్టి, బ్రష్షులతో తోమి, ఆరబెట్టి పెట్టెలకెత్తేవారు. అమ్మ, మేనత్త, వాడలో సగం మంది ఆడవాళ్ళు అక్కడే పని. మా నాయిన ఆ కార్ఖానాకు గేటు వాచ్‌మన్. సోడా నీళ్ళకు ఆడవాళ్ళ చేతుల మీది తోలు ఉల్లిపొరలా లేచి వచ్చేది. అమ్మ నాకు అన్నం కలపబోయి, కూరలోని కారం వేళ్ళకు తగలగానే చెయ్యి వెనక్కి లాక్కునేది. నన్నే కలుపుకోమనేది.

ఆ చేతుల కోసమే మేనత్త యూనియన్‌కి వెళ్ళింది. మేడ్చల్‌లో ఒక రేకుల గదిలో ఉండేది యూనియన్ ఆఫీసు. అందరూ మగవాళ్ళే. ఆమె మొదటిసారి మీటింగుకు పోయినప్పుడు, వచ్చిందెలాగూ ఆడమనిషే కదా అని, ఎవరో చాయ్ తెమ్మన్నారట. ఆమె హోటల్‌కి పోయి చాయ్ తెచ్చి అందరికీ గ్లాసుల్లో పోసింది. చివరికి తనకూ ఒక గ్లాసు పోసుకుని, ఖాళీగా ఉన్న కుర్చీ లాక్కుని వాళ్ళ నడుమ కూర్చుంది. ఆ రోజు ఎవరూ ఆమెతో మాట్లాడలేదట. రెండేళ్ళు తిరిగేసరికి మా కార్ఖానా యూనియన్‌కు ఆమే కార్యదర్శి. ఊళ్ళో కొందరు ఆమెను చూసి నవ్వేవారు. ఇంకొందరు మగదిక్కు లేని ఆడది అన్నారు. మా నాయిన రెండు మాటలూ విన్నాడు గానీ ఎవరినీ ఎదిరించలేదు.

మా పక్కింట్లో నాకు చిన్నమ్మ వరసయ్యే ఆవిడ ఉండేది. ఆమె, ముసలి అత్త, ఇద్దరే. భర్త లారీ మీద పోయి తిరిగి రాలేదు. బతికి ఉన్నాడో లేడో తెలియదు. అమ్మ తెల్లవారే పనికి పోయే రోజుల్లో నాకు తల దువ్వి, జడలు వేసి బడికి పంపేది ఈ చిన్నమ్మే. ఆమె పనిచేసే తొట్టి మీదుగా వేడి సోడా నీళ్ళ పైపు పోయేది. అది కారుతోందని ఆడవాళ్ళు సూపర్‌వైజర్‌కి చెప్పని రోజు లేదు. గోనెగుడ్డ చుట్టి తాడు కట్టారే తప్ప మార్చలేదు. ఒకరోజు పొద్దున పని మొదలైన కాసేపటికే ఆ పైపు పగిలింది. సోడా నీళ్ళు చిన్నమ్మ మొహం మీద పడ్డాయి.

బడి నుంచి వచ్చేసరికి వాడలో ఆడవాళ్ళందరూ అరుగుల మీద కూర్చుని ఉన్నారు. ఎవరూ వంట చేయలేదు. మేనత్త చిన్నమ్మను ద్రాక్షపండ్ల లారీలో పడుకోబెట్టుకుని లష్కర్ దవాఖానకు తీసుకుపోయిందని అమ్మ చెప్పింది. సికింద్రాబాద్‌ను అప్పట్లో మేము లష్కర్ అనేవాళ్ళం.

మర్నాటి నుంచి పని బందు. పైపులు మార్చాలి, చేతులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు ఇవ్వాలి, చిన్నమ్మ కళ్ళకు కంపెనీ పూచీ పడాలి. ఈ మూడే వాళ్ళు అడిగింది. కంపెనీవాళ్ళు గేటుకు తాళం వేశారు. లోపలి వైపు మా నాయిన, బయటి వైపు మా అమ్మ, మేనత్త. సాయంత్రం ముగ్గురూ ఒకే ఇంటికి వచ్చేవారు. కార్ఖానా తెరిచేదాకా నాయినకూ జీతం లేదన్నారు. మొదటి వారం జొన్న గట్క తిన్నాం. రెండో వారం గంజి. మూడో వారం వచ్చేసరికి మా చిన్న తమ్ముడు ఆకలి అని ఏడవడం కూడా మానేసి ఊరికే పడుకునేవాడు. అది చూసి నాయిన బయటికి పోయి గోడకానుకుని నిలబడేవాడు.

ఆపరేషన్ అయిన చిన్నమ్మను ఇంటికి పంపిస్తారని కబురొస్తే మేనత్త మళ్ళీ లష్కర్ బయల్దేరింది. పోయేముందు ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి ఒకే మాట చెప్పింది.

"నేనొచ్చేదాంక ఎవ్వరు ఏ కాయితం మీద ఏలు వెట్టకుండ్రి. ఏమన్న వస్తే నేనే సదివి ఇనిపిస్త."

ఆమె వెళ్ళిన రోజు మధ్యాహ్నమే కాగితం వచ్చింది. తెచ్చింది మా నాయిన. నన్ను ఇంటి వెనక్కి పిలిచి, జేబులోంచి తీసి, మడత విప్పి చూపించాడు. టైపు కొట్టిన కాగితం. ఒక వాక్యం పక్కన పెన్సిల్‌తో గీత పెట్టి ఉంది.

"బిడ్డా, అందరు దీని మీద ఏలు వెడితే రేపే కార్ఖానా తెరుస్తరట," అన్నాడు. "నువ్వు అందరి ముంగట సదువు. గీ గీత ఉన్నకాడ మాత్రం దాటెయ్యి."

"ఎందుకు నాయినా? అత్త వద్దన్నది గద."

"అత్త దవాఖానల ఉన్నది. ఈడ మన పొయ్యి ఎట్లున్నదో నీకు ఎర్కనే గద. గా లైను సార్లు ఆల్ల ఆఫీసు కోసం రాసుకున్నరు. మనోల్లు ఇంటె ఊకెనే బుగులువడ్తరు. జల్దీ రా."

ఆ వాక్యాన్ని నేను నా లోపల చదువుకున్నాను. 'సదరు స్త్రీ తన అజాగ్రత్త వల్లనే గాయపడినదనియు, పైపులో ఎట్టి లోపము లేదనియు మేము కళ్ళారా చూసితిమి.' చిన్నపిల్లను, నాకేం అర్థమైందిలే అని తర్వాత చాలాసార్లు నాకు నేనే చెప్పుకోవాలని చూశాను. అర్థమైంది. సదరు అంటే తెలియలేదు గానీ మిగతాదంతా తెలిసింది.

వేపచెట్టు కింద ఆడవాళ్ళు చేరారు. కొందరికి మనసొప్పలేదు. అక్క రానీ, రేపు చూద్దాం అన్నారు. వాళ్ళలో అందరికన్నా పెద్ద అవ్వ ఒకామె ఉండేది, నలభై ఏళ్ళు రాళ్ళు కొట్టి ఆఖరికి సీసాల పనికి వచ్చిన మనిషి. ఆమె నా వైపు చూసి, "ఆమె నేర్పిన సదువే గదనే దీనిది. దీని నోట్లకెల్లి అబద్ధం రాదు. సదువనియ్యి," అంది.

నేను చదివాను. ఎక్కడా తడబడలేదు. రేపటి నుంచి పని మొదలవుతుందన్న వాక్యం, తొడుగుల సంగతి ఆలోచిస్తామన్న వాక్యం చదివాను. పెన్సిల్ గీత దగ్గర ఊపిరి తీసుకున్నాను. దాని తర్వాతి వాక్యం చదివాను. ఎవరికీ తెలియలేదు. ముందు ఆ అవ్వ, తర్వాత ఒక్కొక్కరు వచ్చి సిరా బిళ్ళ మీద బొటనవేలు అద్ది కాగితం మీద పెట్టారు. మా అమ్మ కూడా పెట్టింది. ఆమె వేలి తోలు సోడాకు అరిగిపోయి ముద్ర సరిగ్గా పడలేదు. నాయిన ఆ వేలు పట్టుకుని రెండోసారి అద్దించాడు.

ఆ సాయంత్రం మా ఇంట్లో అన్నం వండారు. నాయిన ఎక్కడి నుంచి తెచ్చాడో తెలియదు. నేను రెండోసారి కూడా పెట్టించుకుని తిన్నాను. ఆ సంగతి రాయకుండా ఉండాలనిపించింది గానీ, అదీ జరిగిందే కదా.

మరుసటి రోజు మధ్యాహ్నం మేనత్త, చిన్నమ్మ బస్సు దిగారు. నేను బడి మానేసి తమ్ముడి దగ్గర ఉన్నాను. చిన్నమ్మ రెండు కళ్ళకూ కట్లు. ఒక కన్ను పూర్తిగా పోయిందని, రెండో దానికి వెలుతురు తెలిస్తే తెలియవచ్చని డాక్టరు చెప్పాడట. మేనత్త ఆమె చెయ్యి పట్టుకుని, ఎక్కడ రాయి ఉందో, ఎక్కడ గుంట ఉందో చెబుతూ నడిపిస్తోంది. వాడ ఖాళీగా ఉంది. ఒక్క అరుగు మీదా మనిషి లేదు. కార్ఖానా వైపు నుంచి సీసాలు గలగలలాడే చప్పుడు వినిపిస్తోంది. మేనత్త దారి మధ్యలోనే ఆగిపోయింది. ఏం జరిగిందో ఆమెకు అప్పుడే తెలిసిపోయి ఉంటుంది. చిన్నమ్మకు మాత్రం, "పా, ఇల్లొచ్చింది," అంది.

చిన్నమ్మను ఇంట్లో కూర్చోబెట్టి మా ఇంటికి వచ్చింది. నాయినకు కంపెనీవాళ్ళు ఇచ్చిన నకలు చూరులో ఉంది. నేనే తీసి ఇచ్చాను. ఆమె దాన్ని తీసుకోలేదు.

"నువ్వే సదువు బిడ్డా. నిన్న ఎట్ల సదివినవో గట్లనే."

నకలు మీద పెన్సిల్ గీత లేదు. అయినా నాకు తెలుసు. అక్కడికి రాగానే దాటేశాను. ఆమె ఇంకోసారి చదవమంది. ఇంకోసారి దాటేశాను. అప్పుడామె కాగితం తీసుకుని గడప దగ్గర వెలుతురులో కూర్చుంది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, పెదవులు కదుపుతూ, మొదటి నుంచి చదివింది. నేను నిలబడే ఉన్నాను. ఆ వాక్యం దగ్గర ఆమె పెదవులు ఆగాయి. కళ్ళారా అన్న మాటను రెండుసార్లు చదువుకుంది.

అప్పుడే నాయిన డ్యూటీ దిగి వచ్చాడు. ఆయన్ను చూడగానే ఆమెకు అడగాల్సిన పని లేకపోయింది. ఆయనే చెప్పాడు.

"నేనే జెప్పిన దానికి. దాని తప్పేం లేదు."

"గా పిల్ల నోటితోని చెప్పిస్తివారా?" అంది మేనత్త.

"ఏం జెయ్యాలె అక్కా? పోరడు లేస్తలేడు. నీకు యూనియన్ ఉన్నది. నాకు పిల్లలున్నరు."

పిల్లలు లేని మనిషితో ఆ మాట అన్నాడు. అన్నాక తనే తల దించుకున్నాడు. ఆమె కోపం చేయలేదు. నాయినను కాదు, నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. ఇదివరకు ఎప్పుడూ చెప్పని సంగతి చెప్పింది. మామ చనిపోయిన మూడో రోజు క్వారీ మేస్త్రీ ఒక కాగితం తెచ్చాడట. ఇంట్లో పీనుగు లేచి ఇంకా పొయ్యి వెలగలేదు. ఏముందో అడిగితే, నీ మంచికే అని చదివి వినిపించాడట. ఆమె వేలు పెట్టింది. ఆ తర్వాత వారమే గుడిసె ఖాళీ చేయించారు.

"ఆడు ఏం సదివిండో ఇప్పటికి యాదికున్నది నాకు. కని గా కాయితంల నిజంగ ఏముండెనో నాకు ఇగ ఎన్నటికి తెల్వది," అంది. "సదువు రానోల్లకు సదివేటోల్ల నోరే కాయితం బిడ్డా. అందుకే నేను నేర్సుకున్న. అందుకే నీకు నేర్పిన."

నేను ఏడవడం మొదలుపెట్టాను. ఆమె నా కళ్ళు తుడవలేదు. లేచి, కాగితం నా చేతిలో పెట్టి, నా రెక్క పట్టుకుని పక్కింటికి తీసుకుపోయింది.

చిన్నమ్మ మంచం మీద కూర్చుని ఉంది. ముసలి అత్త కింద కూర్చుని ఆమె కాళ్ళు పిసుకుతోంది. అడుగుల చప్పుడు విని ఎవరని అడిగింది. నా మేనకోడలు, నీకొక కాగితం చదివి వినిపించడానికి వచ్చింది అని చెప్పి, మేనత్త తలుపు దగ్గరే నిలబడిపోయింది. నాకు సాయం చేయలేదు, తొందర పెట్టలేదు.

ఈసారి అంతా చదివాను. ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. మళ్ళీ మొదలుపెట్టి దాన్ని చివరిదాకా చదివాను. చదవడం అయ్యాక ముసలమ్మ చేతులు ఆగిపోయాయి. చిన్నమ్మ కట్లు కట్టిన మొహాన్ని నా వైపు తిప్పింది.

"కండ్లార జూసినమని రాసిండ్రా?"

"ఔ చిన్నమ్మా."

"అందరు ఏలు వెట్టిండ్రా?"

"వెట్టిండ్రు."

"మీ అమ్మ?" అని అడిగింది. నేను కాగితం గబగబా మడత పెట్టిన చప్పుడైంది. ఆమెకు అర్థమైంది. నిన్న నేను చదివిన తీరు మేనత్త అప్పుడు చెప్పింది, ఏదీ దాచకుండా, ఏదీ పెంచకుండా. చిన్నమ్మ అంతా విని, పరుపు లేని ఆ మంచం మీద చేత్తో తడిమి, దుప్పటి అంచు దొరకబుచ్చుకుని ఒళ్ళోకి లాక్కుంది. "పొద్దు వోయిందా బిడ్డా?" అని అడిగింది. ఇంకా పోలేదన్నాను. "అయితే పోయి సదువుకో," అంది. అంతే.

తెల్లవారి కార్ఖానా గేటు ముందు, ఆడవాళ్ళు లోపలికి పోయే వేళకు మేనత్త అడ్డంగా నిలబడింది. నన్ను ఇంట్లో ఉండమంది గానీ నేను వెనకే పోయాను. కాగితంలో ఏముందో ఆమె వాళ్ళకు చెప్పింది. నా పేరు ఎత్తలేదు, నాయిన పేరు ఎత్తలేదు. "తప్పు నాది," అంది. "మీకు నినాదాలు నేర్పిన, అక్షరం నేర్పలే. వాడకంతటికి ఒక్క చిన్నపిల్ల సదువుతె సాలనుకున్న. గా బరువు దాని నెత్తిన వెట్టింది నేనే."

ఆడవాళ్ళు గొల్లుమన్నారు. మేం అలా అనలేదు, మాకు అలా చదవలేదు అన్నారు. కొందరు కాగితం మారింది అనుకున్నారు. అప్పుడు నేను ముందుకు పోయి, కాగితం మారలేదు, నేనే చదవలేదు అని చెప్పాను. నాయిన గేటు లోపల నిలబడి వింటున్నాడు. అమ్మ రెండు చేతులతో మొహం కప్పుకుంది. నా నోట్లోంచి అబద్ధం రాదన్న ఆ అవ్వ నన్ను తిట్టలేదు. తన బొటనవేలి మీద ఇంకా పోని సిరాను చూసుకుని, గేటు గోడకు రాసి రాసి నెత్తురు వచ్చేదాకా రుద్దుకుంది.

ఆ తర్వాత జరిగినవాటిలో మంచివి తక్కువ. కంపెనీవాళ్ళు కాగితం వెనక్కి ఇవ్వలేదు. విచారణకు పట్నం నుంచి లేబర్ ఆఫీసరు కార్ఖానాకు వచ్చినప్పుడు, ఆడవాళ్ళలో కొందరే ధైర్యం చేసి పైపు సంగతి చెప్పారు. వాళ్ళలో మా అమ్మ ఉంది, ఆ అవ్వ ఉంది. వాళ్ళ పని పోయింది. నేను కూడా వెళ్ళి చెప్పాను. ఆఫీసరు నా వయసడిగి, నవ్వి, చిన్నపిల్ల మాట రాసుకోవడం కుదరదన్నాడు. మేనత్త మా నాయినను ఒకే ఒక్కసారి అడిగింది, వచ్చి ఉన్నది చెప్పమని. ఆ రోజు ఆయన గేటు దగ్గరే ఉన్నాడు. లోపలికి రాలేదు. అక్కాతమ్ముళ్ళు ఆ తర్వాత ఒకే ఇంట్లో పదకొండేళ్ళు ఉన్నారు, ఉప్పు అందుకో అన్న మాట కూడా లేకుండా. ఆమెకు చెప్పాల్సింది నాతో చెప్పేవాడు. ఆయన పోయిన రోజు ఆమే ఆయన తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

తప్పు చిన్నమ్మదేనని విచారణలో తేల్చారు. మేనత్త దాని మీద కోర్టుకు పోయింది. ఏళ్ళ తరబడి తిరిగింది. తీర్పు రాకముందే చిన్నమ్మ చనిపోయింది. వచ్చిన తీర్పు కూడా మాకు వ్యతిరేకంగానే వచ్చింది. అందులోనూ ఆ వేలిముద్రల ప్రస్తావన ఉంది.

విచారణ ముగిసిన వారం నుంచే మేనత్త మా అరుగు మీద సాయంత్రం బడి పెట్టింది. పనికి పోయి వచ్చిన ఆడవాళ్ళు తోలు లేచిన వేళ్ళతో బలపం పట్టుకునేవారు. బలపం మంటకు కొందరు గుడ్డ చుట్టుకునేవారు. చెప్పేదాన్ని నేను. అదే నాకు ఆమె వేసిన శిక్ష, లేకపోతే ఆమె చేసిన దయ. రెండింటిలో ఏదో నేనెప్పుడూ తేల్చుకోలేకపోయాను. ఆ అవ్వకు తన పేరు రాయడం రావడానికి ఏడాది పట్టింది. వచ్చాక ఎక్కువ కాలం బతకలేదు.

ఆ తర్వాత మేనత్త సర్పంచ్‌గా నిలబడింది. మొదటిసారి ఓడిపోయింది. మా వాడ ఓట్లే ఆమెకు పూర్తిగా పడలేదు. భయపడ్డారు. రెండోసారి గెలిచింది. పంచాయతీలో ఏ తీర్మానమైనా తను ఒకసారి చదివి, చదువుకున్న ఇంకొకరితో మళ్ళీ చదివించి, అందరికీ అర్థమైందా అని అడిగాకే సంతకం పెట్టేది. మీటింగులు సాగుతున్నాయని వార్డు మెంబర్లు విసుక్కునేవారు. భూములకు ధరలు వచ్చి, ప్లాట్లు కొట్టేవాళ్ళు ఊళ్ళోకి దిగాక ఆ చదవడం చాలామందికి అడ్డమైంది. తర్వాతి ఎన్నికల్లో ఆమెను ఓడించారు. ఆమె ఆపిన కాగితాలన్నీ ఏడాది తిరక్కుండానే సంతకాలయ్యాయి. సీసాల కార్ఖానా ఉన్న చోట ఇప్పుడు గేటున్న అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. కోస్తా నుంచి వచ్చిన ఉద్యోగస్తుల కుటుంబాలు ఉంటున్నాయి. మంచివాళ్ళే. అక్కడేముండేదో వాళ్ళకు తెలియాల్సిన అవసరమూ లేదు.

ఆఖరి ఏళ్ళు ఆమె మేడ్చల్‌లో మా ఇంట్లోనే గడిపింది. చూపు తగ్గిపోయింది. పొద్దున్నే నాతో పేపర్ చదివించుకునేది, సంతాపాలతో సహా. నాలుగేళ్ళ కిందట చలికాలంలో పోయింది. యూనియన్ నుంచి నలుగురు ముసలివాళ్ళు జెండా పట్టుకుని వచ్చారు. మర్నాడు పేపర్లో చిన్న వార్త వచ్చింది, అందులో ఆమె పేరు తప్పు పడింది.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. చుట్టుపక్కల వాళ్ళు ఇప్పటికీ నా దగ్గరికి కాగితాలు తెస్తారు. బ్యాంకు ఫారాలు, ప్లాట్ల అగ్రిమెంట్లు, ఫోన్లో వచ్చే మెసేజీలు కూడా చూపిస్తారు. అన్నీ చదువుతాను, చిన్న అక్షరాలతో సహా. ఓపిక లేనివాళ్ళు, సారాంశం చెప్తె సాలు అమ్మా అంటారు. చెప్పను. దాన్ని నా గొప్పతనంగా ఎవరైనా మెచ్చుకుంటే మాత్రం తట్టుకోలేను, లోపలికి వెళ్ళిపోతాను.

నేను కాగితం చదివి వినిపించిన ఆ సాయంత్రం తర్వాత చిన్నమ్మ ఆరేళ్ళు బతికింది. పక్కిల్లే. తడుముకుంటూనే నాకు తల దువ్వేది, జడలు మునుపటికన్నా నున్నగా వేసేది. వెనక్కి తిరిగి కూర్చున్న ప్రతిసారీ, ఇవాళ అడుగుతుంది, ఎందుకు చదవలేదే అని అడుగుతుంది అనుకునేదాన్ని. అన్నం గురించి, తమ్ముడి గురించి, నాయిన గురించి ఏం చెప్పాలో, ఏ మాట ముందు చెప్పాలో అన్నీ సిద్ధం చేసుకుని కూర్చునేదాన్ని. ఆమె ఎన్నడూ అడగలేదు. ఆ జవాబు ఇంకా నా దగ్గరే ఉంది.